టీకా పొక్కూ, నా ఎడమ కన్నూ

నా ఎడమ కంటికి మందుందన్న కబురు మొదట మా ఇంటికి తెచ్చింది అప్పలనరసమ్మ. మా ఊరి ఆశా కార్యకర్త. నాకంటే చిన్నది కాబట్టి నన్ను అప్పా అంటుంది. మా శ్రీకాకుళం వైపు అక్కని అలాగే పిలుస్తాం. నేను పెరట్లో మినుములు చెరుగుతున్నాను. ఆమె గుమ్మంలోంచే, "అప్పా, నీ గుడ్డికన్ను గుడ్డిది కాదంట. డాక్టరమ్మ సెప్పింది" అంది. చెరగడం ఆపేశాను.

అంతకుముందు సంగతి చెప్పాలి. అసలు తేడా వచ్చింది నా మంచి కన్నుకి, అంటే కుడి కన్నుకి. ఒక ఉదయం దేవుడి దగ్గర దీపం పెడుతుంటే నూనె ప్రమిదలో పడకుండా పీట మీద పడింది. మర్నాడూ అంతే. బియ్యంలో రాళ్ళు కనపడటం మానేశాయి. మా ఆయన ముఖలింగం పంటి కింద రాయి పడితే నోరెత్తి ఏమీ అనడు, దవడ మాత్రం ఆపుతాడు. ఆ రోజుల్లో ఆయన దవడ తరచూ ఆగేది. ఉన్నది ఒక్క కన్ను, అదీ పోతే ఎలాగని నాకు భయం పట్టుకుంది. అప్పలనరసమ్మే నన్ను కంటి శిబిరానికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ కుడి కన్ను చూసి, కాటరాక్ట్ ఇప్పుడే మొదలైంది, తొందర లేదు, ప్రస్తుతానికి అద్దాలు చాలు అని చెప్పింది. నా ప్రాణం కుదుటపడింది. తర్వాత ఆమె ఎడమ కన్ను మీద టార్చి వెయ్యబోయింది. నేను చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఇది చూడకూడదమ్మా, ఇది అమ్మవారి కన్ను అని చెప్పి లేచి వచ్చేశాను.

కానీ చెంగు అడ్డం వచ్చేలోపలే వెలుగు కంటి మీద పడిందట. నా రెప్ప టక్కున మూసుకుందట. వెలుగు తెలిసిన కన్ను పోయిన కన్ను కాదు, ఆమెను విశాఖ ఆసుపత్రికి తీసుకురండి అని డాక్టరమ్మ మర్నాడు అప్పలనరసమ్మకు చెప్పింది. అదీ ఆ కబురు.

అమ్మవారి కన్ను అని నేనెందుకు అన్నానో తెలియాలంటే నా చిన్నతనం చెప్పాలి. మా పుట్టిల్లు శ్రీకూర్మం పక్కన చిన్న ఊరు. నాకు కూర్మమ్మ అని పేరు పెట్టింది అందుకే. ఆ రోజుల్లో మశూచి రాకుండా టీకాలు వెయ్యడానికి మనుషులు ఇంటింటికీ వచ్చేవారు. వాళ్ళు వీధి చివర కనపడగానే మా నాయనమ్మ నన్ను ధాన్యం గాదె వెనక కూర్చోబెట్టి మీద గోనెపట్టా కప్పేది. ఊళ్ళో నా ఈడు పిల్లలందరికీ ఉయ్యాల్లో ఉన్నప్పుడే టీకా పడింది. నాకు మాత్రం తొమ్మిదేళ్ళు వచ్చినా పడలేదు. చివరికి ఒకసారి గోనె దుమ్ముకి నాకు తుమ్ము వచ్చింది. టీకాలాయన నవ్వుకుంటూ గోనె ఎత్తి, నా ఎడమ జబ్బకి సూదితో గుచ్చేశాడు. వెళ్తూ ఏదో జాగ్రత్త చెప్పాడు గాని, నాయనమ్మ తిట్ల మధ్య అది ఎవరి చెవినా పడలేదు.

కొన్నాళ్ళకు గుచ్చినచోట పొక్కు లేచి చీము పట్టింది. చెప్పలేని దురద. జ్వరం కాసింది. ఆ తర్వాత ఎడమ రెప్ప మీదా పొక్కులు వచ్చి, కన్ను వాచి మూసుకుపోయింది. నాయనమ్మ చూసి, అమ్మవారు వచ్చింది అంది. ఆ మాటతో ఇంటి తీరే మారిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. నన్ను వేపాకుల మీద పడుకోబెట్టారు. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళు మందు వెయ్యకూడదు, వైద్యుడికి చూపించకూడదు, పొయ్యి మీద పోపు పెట్టకూడదు. ఆవాల చిటపటకీ పోపు ఘాటుకీ ఆ తల్లికి కోపం వస్తుందని పెద్దల నమ్మకం.

మా అమ్మ రాములమ్మ వాటిలో ఒకటి తప్పింది. ఒకరోజు పప్పులో పోపు పెట్టింది. తర్వాత నా జ్వరం తగ్గింది, చేతి పొక్కు ఎండి రాలిపోయింది. కన్ను తెరుచుకునేసరికి మాత్రం నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మి ఉంది. దీపం ఎదురుగా పెడితే వెలుగు తెలిసేది, మనిషి తెలిసేవాడు కాదు. కోడలు పోపు పెట్టింది, ఆ తల్లి కన్ను తీసుకుంది అని నాయనమ్మ తేల్చేసింది. అప్పటినుంచి అది అమ్మవారు కూర్చున్న కన్ను. దానికి కాటుక గాని మందు గాని ఇనుము గాని తగలకూడదు. ఇది నాయనమ్మ పెట్టిన కట్టు. ఇంకో కట్టు అమ్మ తనకు తానే పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె పోపు పెట్టిన కూర నోట పెట్టలేదు. అందరికీ కమ్మగా వండేది. పోపు వెయ్యకముందే తన వంతు ఒక గిన్నెలో చప్పగా తీసి పక్కన పెట్టుకునేది.

ఎండ తగలకూడదని, నలుగురి దిష్టి పడకూడదని నన్ను బడి మాన్పించారు. నాన్న మాత్రం చదువు మాన్పించలేదు. నేల మీద బియ్యం పరిచి అక్షరాలు దిద్దించేవాడు. దిద్దిన బియ్యమే సాయంత్రం అన్నమయ్యేది. నా చదువంతా నా కడుపులోనే ఉందని ఇప్పటికీ నవ్వుకుంటాను. కొంచెం పెద్దదాన్నయ్యాక పురాణాలు పైకి చదివి నాన్నకు వినిపించేదాన్ని. ఒక కన్ను ఉంచిన దేవుడే అక్షరం నేర్పే తండ్రినీ ఇచ్చాడు. మా మేనబావ ముఖలింగంతో పెళ్ళయింది. ఈవిడ నన్ను సగమే చూసింది కాబట్టి ఒప్పుకుంది, పూర్తిగా చూసుంటే నాకు పెళ్ళయ్యేది కాదు అని ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తాడు. నాకు ఏ లోటూ అనిపించలేదు. అమ్మ గిన్నె చూసినప్పుడు మాత్రం మనసు కలుక్కుమనేది.

అప్పలనరసమ్మ తెచ్చిన కబురుకి మా ఆయన ఎగిరి గంతేశాడు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆమె మాత్రం మంచం మీంచి లేవకుండానే వద్దంది.

"ఒకపాలి పోపెట్టి కన్ను పోగొట్టినాను. ఇప్పుడు కత్తెట్టి ఇంకేటి పోగొట్టమంటావు? ఉన్న కన్నూ తీసీసుకుంటాది."

ఆమె మొండితనంతో అనడం లేదు, భయంతో అంటోంది. ఆమె మాట కాదని నేను వెళ్ళొచ్చు. కాని అక్కడ ఏ చిన్న తేడా జరిగినా ఆ బరువు కూడా ఆమే ఎత్తుకుంటుంది. ఎనభై దాటిన మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టి నేను తెచ్చుకునే చూపు నాకెందుకు? అమ్మ సరేననకుండా ఆ కన్ను ఎవరినీ ముట్టనివ్వనని మా ఆయనతో చెప్పేశాను. ఆయన వెళ్ళి అత్తగారి మంచం పక్కన కూర్చున్నాడు. "కొయ్యనివ్వం అత్తా. ఊరికే సూపించి వొచ్చీద్దుం. నువ్వూ రా, నీ కూతురి కన్నుకి నువ్వే కాపలా" అన్నాడు. కాపలా అన్న మాట అమ్మకు నచ్చింది. కొంగున వేపరెమ్మ ముడి వేసుకుని బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఆమె కాపలా కాచిన తీరు అక్కడివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారట. స్లిట్ ల్యాంప్ అనే కన్ను చూసే యంత్రం ముందు నా గడ్డం ఆనించగానే, ముట్టకుండా చూడండి అంది. కంటి ప్రెజర్ చూస్తామంటే నా చెయ్యి పట్టుకుంది. పొర వెనక నరం బాగుందో లేదో చూడటానికి బీ-స్కాన్ చెయ్యాలన్నారు. మూసిన రెప్ప మీద జెల్లీ రాసి, పెన్నులాంటిది ఒకటి ఆనిస్తారు. అమ్మ స్కాన్ చేసే అమ్మాయి చెయ్యి ఆపి, ఇది ఇనుమా అని అడిగింది. కాదమ్మా, ప్లాస్టిక్ అంది ఆ పిల్ల. సరే కానీ అని అమ్మ సెలవిచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. కదలొద్దని నన్ను కోప్పడ్డారు.

రిపోర్టులు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. శిబిరంలో నన్ను చూసిన ఆమే. కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర మీద, మచ్చ తప్ప లోపల రెటీనా, నరం బాగున్నాయి, కార్నియా మారిస్తే చూపు రావచ్చు అంది. ఈ మచ్చ ఎలా వచ్చిందని నన్ను అడిగింది. నాకు జ్వరం మత్తు తప్ప ఏమీ గుర్తులేదు. నేను పోపెట్టి పోగొట్టినాను అని అమ్మే అందుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. నా రవిక చెయ్యి పైకి తీసి, జబ్బ మీద గుంటపడిన పెద్ద టీకా మచ్చను వేలితో తడిమి చూసింది. తర్వాత కుర్చీ అమ్మ వైపు జరుపుకుంది. అంతవరకూ నాతో పుస్తకాల తెలుగు మాట్లాడిన పిల్ల, విజయనగరం వైపు పిల్లట, అమ్మతో మాత్రం మన మాటలోకి దిగింది.

"అమ్మా, ముందు ఏటొచ్చినాది? సెయ్యా, కన్నా?"

"సెయ్యే. టీకా గుచ్చిన కాడ పొక్కు."

"ఒళ్ళంతా వొచ్చినాయా?"

"నేదు. ముందు ఆ సేతికి, తరవాత ఈ రెప్పకి. అంతే."

"పోపు ఎప్పుడెట్టేరు?"

అమ్మ తల వంచుకుంది. పోపు పెట్టావని ఇంట్లో అందరూ అన్నవాళ్ళే. ఎప్పుడు పెట్టావు, ఎందుకు పెట్టావు అని ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. ఆ మాట ఎత్తితే ఆమెకు నొప్పి అని.

"ఈ గుంట అన్నం ముట్టలేదు. కన్ను వాసిపోయి ఒకటే ఏడుపు. ఎల్లిపాయ పోపెట్టి పప్పెడితే తింటానన్నాది. దాని ఏడుపు సూడలేక, మా అత్త సూడకుండా పెట్టీసినాను. తిన్నాది" అంది అమ్మ. తిన్నాది అన్నప్పుడు గొంతులో ఒక చిన్న సంతోషం, అన్నేళ్ళ తర్వాత కూడా.

"అయితే కన్ను వాసినాకే పోపెట్టేరు."

"వాసినాకే. వాయకపోతే ఎందుకేడుస్తాది?"

"మరి పోపు వల్ల కన్ను వాసినాదని ఎలగంటారమ్మా?"

అమ్మ నా వైపు చూసింది, మా ఆయన వైపు చూసింది. డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆ టీకాలో ఉండేది ప్రాణమున్న వైరస్. మశూచి వైరస్ కాదు, దానికి దగ్గరి చుట్టం. పొక్కు దురద పెట్టి పిల్ల గోక్కుంది. అదే చేత్తో కన్ను నులుముకుంది. చేతి మీద లేచినట్టే కంటి మీదా లేచింది. దీన్ని ఆక్యులర్ వాక్సీనియా అంటాం, చాలా అరుదు. ఇన్నేళ్ళ తర్వాత ఏ టెస్టుతోనూ రుజువు చెయ్యలేను గాని, మీరు చెప్పిన వరస అదే చెబుతోంది అంది.

"మరి అమ్మవారో?" అని అడిగింది అమ్మ.

"అమ్మవారు మీ ఇంటికి రానేలేదమ్మా."

అమ్మ తన అరచేతులు చూసుకుంది. తర్వాత, "అయితే రాని సుట్టానికేటి, ఇన్నేళ్ళూ నాను మర్యాదలు సేసినాను?" అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ముందు నవ్వింది డాక్టరమ్మ. తర్వాత అమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. నేను ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను. అంతమంది పేషెంట్లు బయట ఎదురు చూస్తున్నా డాక్టరమ్మ మమ్మల్ని కదపలేదు. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ ఇంకొక మాట చెప్పింది. మరీ పసితనంలో ఇలా జరిగితే మెదడు ఆ కన్నుతో చూడటం నేర్చుకోదు, అప్పుడు కార్నియా మార్చినా లాభం తక్కువ. మీకు తొమ్మిదేళ్ళు నిండాక అయింది, చూపు అప్పటికే కుదురుకుంది, అందుకే ఆశ ఉంది అంది. బయటికొచ్చాక మా ఆయన, చూశావా, మీ నాయనమ్మ గాదె వెనక దాచడమూ ఒకందుకు పనికొచ్చింది అన్నాడు. ఉయ్యాల్లోనే టీకా వేయించి ఉంటే అందరు పిల్లల్లాగే నాకూ ఏమీ అయ్యేది కాదేమో, ఎవరు చెప్పగలరు? ఆ టీకా మీద నాకు కోపం లేదు. మా పెదనాన్న ముఖం నిండా మశూచి మచ్చలు ఉండేవి. ఆయనతో పాటు మంచం పడ్డ ఇద్దరు పిల్లలు లేవలేదు. ఆ జబ్బు లోకంలోంచే పోయిందంటే అది ఇంటింటికీ తిరిగిన ఆ టీకాలవాళ్ళ పుణ్యమే. నా కన్ను దగ్గర ఒక్క పొక్కు దారి తప్పింది, అంతే. మా మనవలందరికీ టీకాలన్నీ వేళకి వేయించాం.

మా ఊళ్ళో బస్సు దిగాక అమ్మ ఇంటికి రాకుండా ముందు అమ్మవారి గుడికి నడిచింది. తలుపులు మూసి ఉన్నాయి. గడప దగ్గర కూర్చుని, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "అమ్మా, నువ్వు రాలేదంట. నాను నిన్ను అనుమానించీసినాను. ఏటనుకోకు." నేను పక్కనే నిలబడి ఆ మాట విన్నాను. ఇన్నాళ్ళూ ఆమె తనని మాత్రమే తప్పుపట్టుకుంటోందనుకున్నాను. ఆ తల్లి మీద కూడా లోపల ఒక నలుసు ఉండిపోయిందని అప్పుడు తెలిసింది. దండం పెట్టి లేచేసరికి ఆమె నడక తేలికగా ఉంది.

ఇంటికి రాగానే చారు పెట్టింది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి వేసి పోపు పెట్టింది. తన గిన్నె ముందుగా తియ్యలేదు. అందరితో పాటు కూర్చుని చారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మేమందరం తినడం ఆపి చూస్తున్నాం. అమ్మ మొహం చిట్లించింది.

"ఇంత ఇంగువా ఏస్తన్నాను ఇన్నాళ్ళూ? ఒక్కరూ సెప్పలేదేటి?"

"సెప్తే ఊరుకుంటావేటి అత్తా?" అన్నాడు మా ఆయన. ఆ పూట అమ్మ మారు వడ్డించుకుని తింది. తిన్నాక, చెయ్యి కడుక్కుంటూ, మామూలు మాట చెప్పినట్టు, ఆ కన్ను బాగు చేయించుకో, ఆలస్యం చెయ్యకు అంది.

ఆలస్యం మా చేతిలో లేదు. నా పేరు రాసుకుని, కార్నియా వచ్చినప్పుడు ఫోన్ చేస్తామన్నారు. నెలలు గడిచాయి. ఫోను వచ్చిన ఉదయం నేను డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. కార్నియా వచ్చింది, సాయంత్రానికల్లా రండి అన్నారు. సగం గుడ్డ మీదే వడియాలు పడ్డాయి. మిగిలిన పిండి పక్కింటావిడకు ఒప్పజెప్పి, కాకుల్ని దేవుడికి వదిలేసి, బస్సెక్కేశాం. నాకు పట్టరాని సంతోషం. నాగావళి వంతెన దాటుతుండగా ఒక్కసారి తట్టింది. కార్నియా వచ్చింది అంటే ఎక్కడినుంచి వచ్చింది? పొద్దున్న మా ఇంట్లో ఫోను మోగిందంటే, అంతకుముందు ఎక్కడో ఒక ఇంట్లో దీపం పెట్టి, చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారన్నమాట. నాకు కన్నీళ్ళు ఆగలేదు. భయమేస్తోందా అని మా ఆయన అడిగాడు. కాదని సంగతి చెప్పాను. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. శ్రీకాకుళం దాటినా మళ్ళీ చుట్టుకోలేదు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చారు, అది నొప్పి. తర్వాత నొప్పి లేదు. మాటలు వినపడుతూనే ఉన్నాయి. నేను లోపల నామజపం చేసుకుంటున్నాను. పాత అద్దం తీసి కొత్త అద్దం బిగించి, చుట్టూ సన్నటి కుట్లు వేస్తున్నామని డాక్టరమ్మ మధ్యలో చెప్పింది.

మర్నాడు కట్టు విప్పారు. ముందు తెల్లటి వెలుగు, నీళ్ళలోంచి చూసినట్టు. ఆ వెలుగులో ఒక ఆకుపచ్చ రంగు కదిలింది. అది డాక్టరమ్మ టోపీ. ఎన్ని వేళ్ళు అని ఆమె చెయ్యి చూపబోతుంటే, అమ్మ ఆ చెయ్యి పక్కకు జరిపి తన చెయ్యి పెట్టింది. "నా సెయ్యి సూడు. ఎన్ని వేళ్ళు?" అంది. మూడు అన్నాను. మూడే. కుడి కన్ను మూసి ఆమె మొహంలోకి చూశాను. మసకగానే ఉంది, అయినా తల తెల్లగా కనిపించింది. ఈ కన్ను ఆఖరిసారి అమ్మను చూసినప్పుడు ఆమె జడ నల్లగా, నడుం కింది దాకా ఉండేది. ఈ కన్నుకి ఆమె ఒక్క పూటలో ముసలిదైపోయింది. నేను ఆ తెల్లజుట్టు మీద చెయ్యి వేశాను. మా ఆయన కూడా వంగి మొహం దగ్గర పెట్టాడు. ఈ కన్ను నన్నెప్పుడూ చూడలేదు కదా, ఏమంటుంది అని అడిగాడు. ఇంకా మసకగానే ఉంది, ఇప్పుడే చెప్పలేను అన్నాను.

చూపు ఒక్కరోజులో రాలేదు. నెలల తరబడి చుక్కల మందు, నల్లద్దాలు, తల వంచి బరువెత్తకూడదు, తలస్నానం జాగ్రత్త. కుట్లు విడతలుగా తీశారు. తీసినప్పుడల్లా చూపు కొంచెం తేట పడేది. అంతా బాగుందనుకుంటుండగా ఒక ఉదయం దీపం చుట్టూ చందమామకు కట్టినట్టు గుండ్రంగా వెలుగు గుడి కనిపించింది. కన్ను ఎర్రబడింది, వెలుగు చూడలేకపోయాను. నిన్న లేదు, ఇవాళ ఉంది. రెండు రోజులు చూద్దామా అని నేనంటే, ఇనుము తగలకూడదన్న అమ్మే చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పడేసి, "బేగి ఎల్లండి" అంది. గ్రాఫ్ట్ రిజెక్షన్ మొదలైందన్నారు. ఒళ్ళు కొత్త కార్నియాను పరాయిదని వెళ్ళగొట్టబోతోందట. "ఇవాళే వచ్చారు కాబట్టి కాపాడుకోగలం" అంది డాక్టరమ్మ. స్టెరాయిడ్ చుక్కలు గంట గంటకీ వెయ్యమన్నారు. మా ఆయన ఫోనులో అలారం పెట్టి పొలం గట్టు మీంచి కూడా పరిగెత్తుకొచ్చేవాడు. సబ్బుతో చెయ్యి కడుక్కోకుండా ఎవరొచ్చినా అమ్మ నా దగ్గరకు రానిచ్చేది కాదు, ఆఖరికి అప్పలనరసమ్మను కూడా. ఎరుపు విరిగింది. ఆ గుడి కొద్దికొద్దిగా పలచబడి పోయింది. గ్రాఫ్ట్ నిలబడింది.

ఇప్పుడు రెండు కళ్ళతో ఉన్నాను. ఎడమ కన్నుకి చుక్కల మందు రోజూ వెయ్యాలి, చెకప్‌కి వెళ్ళాలి. ఆ కంటితో చిన్న అక్షరాలు రావు, పెద్దవి వస్తాయి. అది నాకు చాలు, చాలా ఎక్కువ కూడా. చిరుచేప ముల్లు తియ్యగలను. సూదిలో దారం మొదటిసారికే వెళ్ళకపోయినా రెండోసారికి వెళ్తుంది. మొన్న అందరం కళింగపట్నం వెళ్ళాం. ఇదివరకు నాకు సముద్రం గోడకు వేలాడదీసిన బట్టలా కనిపించేది. ఆ రోజు ఏ పడవ దగ్గరగా ఉందో, ఏది దూరంగా ఉందో తెలిసింది. అల నా వైపు రావడం తెలిసింది. చిన్నపిల్లలా వెనక్కి పరిగెత్తి చీర తడుపుకున్నాను. అమ్మ ఇసుకలో కూర్చుని, మసాలా దట్టించిన వేయించిన శనగలు తింటూ, నన్ను చూసి నవ్వుతోంది.

నాలాంటివాళ్ళకి ఒక్క మాట చెప్తాను. పాత జబ్బుతో డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు, ఆ రోజులు గుర్తున్న మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ఎంత ముసలివాళ్ళయినా సరే. దేనివల్ల వచ్చిందో మీరే ముందు తేల్చి చెప్పకండి. ముందు ఏది వచ్చింది, తర్వాత ఏది వచ్చింది, అది మాత్రం వరసగా చెప్పండి. మిగతాది డాక్టరు చూసుకుంటారు.

ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. నా ఎడమ కన్నులో ఉన్న కార్నియా ఎవరిదో నాకు తెలియదు. ఆసుపత్రివాళ్ళు చెప్పరు, అడగకూడదు కూడా. ఆడమనిషో, మగమనిషో, ఏ ఊరో, ఏ దేవుణ్ణి మొక్కేవారో తెలియదు. వాళ్ళ ఇంటివాళ్ళు ఏడుపు మధ్యలో సరేనన్నారు, అంతవరకే తెలుసు. నేను పొద్దున్నే లేచి ఆ కన్ను తెరవగానే వారికి దండం పెట్టుకుంటాను. మీరు కూడా ఇవాళ ఒక్కసారి ఆ మనిషిని తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. అంత పెద్ద దానాన్ని తలుచుకోవడానికి నేను ఒక్కదాన్ని చాలను.